కుక్కనో పిల్లినో విదేశానికి తీసుకెళ్లాలంటే: ఏ దేశానికి ఎన్ని నెలలు, ఏ దారి మేలు

సంక్రాంతి వెళ్లిన వారానికి నాకు తప్పకుండా ఒక ఫోను వస్తుంది. భీమవరం నుంచో అమలాపురం నుంచో, తెలిసినవాళ్ల తాలూకు వాళ్లు చేస్తారు. "అమ్మా, మాకు వీసాలు వచ్చేశాయి. మార్చి మొదట్లో ప్రయాణం. మా కుక్కకు టికెట్ ఎలా తీసుకోవాలి?" అని అడుగుతారు. నేను వాళ్లను తిరిగి మూడు తేదీలు అడుగుతాను. ఒంట్లో గుర్తింపు చిప్ ఏ రోజు వేయించారు? రేబిస్ టీకా ఏ రోజు వేయించారు? పరీక్షకు రక్తం ఏ రోజు తీశారు? చాలామంది దగ్గర టీకా తేదీ ఒక్కటే ఉంటుంది. అలాంటప్పుడు అమెరికాకో జర్మనీకో మార్చిలో కుక్క మీతో రాదని చెప్పాల్సి వస్తుంది. పిల్లలు ఫోను పక్కనే నిలబడి వింటుంటారని తెలుసు కాబట్టి ఆ మాట చెప్పడం నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది. ఆ ఫోను నాలుగైదు నెలల ముందే వస్తే చాలావరకు సాధ్యమయ్యే పని ఇది.

మాది తణుకు. మా అబ్బాయి పెంచుకున్న నాటు కుక్క కర్రిని న్యూజెర్సీకి పంపించాం. మా చెల్లెలి కూతురి పిల్లిని జర్మనీకి పంపించాం. ఈ రెండు పనుల్లో నాకు అర్థమైంది ఏమిటంటే, వెళ్లే దేశాన్ని బట్టి గడువు ఉంటుంది, గడువును బట్టి దారి ఉంటుంది, దారిని బట్టి ఖర్చు ఉంటుంది. అందరూ ఖర్చు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తారు. అప్పటికి గడువు చేజారిపోయి ఉంటుంది.

ముందు చిప్, ఆ తరువాతే టీకా

దేశాల మధ్య తేడాలు చూసేముందు దాదాపు అందరికీ వర్తించే వరస ఒకటి చెప్పాలి. మేము దెబ్బతిన్నది ఇక్కడే.

మన జిల్లాల్లో పశువుల ఆసుపత్రుల దగ్గర ఏటా జులై 6న, ప్రపంచ జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినం) నాడు, కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. కర్రికి రెండేళ్లు అక్కడే వేయించాం. చాలా మంచి కార్యక్రమం, ఊళ్లో ఉండే ప్రతి కుక్కకూ వేయించాలి. కానీ కర్రి ఒంట్లో అప్పటికి చిప్ లేదు. చిప్ లేని కుక్కకు వేసిన టీకా ఆ కుక్కకే వేశారనడానికి ఆధారం ఉండదు. అందుకే అమెరికా గానీ యూరప్ గానీ చిప్ వేయకముందు వేసిన టీకాను లెక్కలోకి తీసుకోవు. మేము టీకా వేయించిన నెలకు చిప్ వేయించాం. వేసిన చోట "ఏం పరవాలేదు, రెండూ ఉన్నాయి కదా" అన్నారు. మేమూ నమ్మాం. రక్తపరీక్షకు పంపేముందు ఫారాలు నింపుతుంటే తేదీలు తిరగబడి ఉన్నాయని మా అబ్బాయే గమనించాడు. మళ్లీ టీకా వేయించి, దాన్నే మొదటి టీకాగా లెక్కపెట్టుకుని, అన్నీ మొదటినుంచి మొదలుపెట్టాం. వాడు ఆగస్టులో ఒక్కడే వెళ్లిపోయాడు. కర్రి సాయంకాలం అయ్యేసరికి గేటు దగ్గర కూర్చుని బస్‌స్టాండు రోడ్డు వైపు చూసేది. ఆ అయిదు నెలలు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా అన్నం సహించలేదు.

చిప్ అంటే గుర్తింపు నంబరు దాచి ఉంచే చిన్న పరికరం, బియ్యపు గింజంత ఉంటుంది. మెడ వెనుక, భుజాల మధ్య చర్మం కింద సూదితో వేస్తారు. ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 15 అంకెలు ఉండే చిప్ కావాలి. వేసిన వెంటనే డాక్టరుగారి చేత రీడరుతో చదివించండి. కర్రికి రెండోసారి టీకా వేయించినప్పుడు డాక్టరుగారు రీడరును మెడ మీదుగా నెమ్మదిగా జరుపుతుంటే కీచుమని చిన్న శబ్దం వచ్చింది. తెర మీద అంకెలు కనిపించాయి. ఆయన మూడేసి అంకెలుగా విడగొట్టి పైకి చదివారు, నేను కాగితం మీద రాసుకున్నాను, తరువాత నేను చదివితే ఆయన సరిచూసుకున్నారు. ఆ తరువాతే టీకా బుడ్డి మూత తీశారు. టీకా బుడ్డి మీది స్టిక్కరును కార్డు మీద అంటించి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, చిప్ నంబరు ఒకే పేజీలో పడేలా రాశారు. మీరు కూడా అలాగే అడిగి చేయించుకోండి. ఒక్క అంకె తప్పు పడినా కాగితాలన్నీ వేరే కుక్కవి అయిపోతాయి.

చిప్‌లు, రీడర్లు అన్ని ఊళ్లలో దొరకవు. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వంటి చోట్ల పెంపుడు జంతువులు చూసే ప్రైవేటు డాక్టర్లను ముందు ఫోను చేసి అడగండి. పశ్చిమ డెల్టా వాళ్లకు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల కూడా అందుబాటు దూరమే.

మొదటి రేబిస్ టీకా 12 వారాల వయసు దాటాకే వేయించాలి. టీకా వేసిన 30 రోజులకు, అంతకు ముందు కాదు, రక్తం తీసి టైటర్ పరీక్షకు పంపాలి. టీకా వల్ల ఒంట్లో రేబిస్‌ను ఎదిరించే శక్తి ఎంత పుట్టిందో ఆ పరీక్ష చెబుతుంది. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు, అంతకు మించి ఉండాలి. వెళ్లబోయే దేశం ఆమోదించిన ప్రయోగశాలలో చేసిన పరీక్షే చెల్లుతుంది. ఊళ్లో లాబ్ ఇచ్చే రిపోర్టు దీనికి పనికిరాదు. ఫలితం వచ్చాక ప్రతి బూస్టరు టీకా గడువు లోపలే వేయించాలి. ఒక్క రోజు దాటినా పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది.

ఏ దేశం ఎంత గడువు అడుగుతుంది

కెనడా వెళ్లేవాళ్లకు కాగితాలు అన్నిటికంటే తక్కువ. సొంత పెంపుడు కుక్క యజమానితో కలిసి వస్తుంటే చెల్లుబాటులో ఉన్న రేబిస్ టీకా సర్టిఫికెట్ ప్రధానం. అది ఇంగ్లీషులో గానీ ఫ్రెంచిలో గానీ ఉండాలి. జాతి, రంగు, బరువు, టీకా పేరు, సీరియల్ నంబరు, ఎంతకాలం చెల్లుతుందో అన్నీ రాసి ఉండాలి. టైటర్ పరీక్ష అడగరు. కానీ ఒక పట్టింపు ఉంది. 2022 సెప్టెంబరు 28 నుంచి రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల నుంచి వాణిజ్య కోవలోకి వచ్చే కుక్కలను కెనడా రానివ్వడం లేదు, ఆ దేశాల్లో మనదీ ఉంది. దత్తతకు పంపే కుక్క, ఇంకొకరి ఇంటికి చేరవేసే కుక్క కూడా ఆ వాణిజ్య కోవలోకే వస్తాయి. కాబట్టి "ముందు మేము వెళ్తాం, కుక్కను తరువాత ఎవరితోనైనా పంపిస్తారు" అనే ఆలోచన కెనడా విషయంలో వదిలేయండి. మీరే వెంట తీసుకెళ్లండి.

అమెరికా నిబంధనలు 2024 ఆగస్టు 1 నుంచి మారాయి. పాత అనుభవంతో సలహా ఇచ్చేవాళ్ల మాట ఇక్కడ పట్టించుకోవద్దు. కుక్కకు కనీసం 6 నెలలు నిండాలి, చిప్ ఉండాలి, ప్రయాణానికి ముందు సీడీసీ అనే అమెరికా ప్రజారోగ్య సంస్థ వారి కుక్క దిగుమతి ఫారం ఆన్‌లైన్‌లో నింపి రసీదు దగ్గర ఉంచుకోవాలి. మన దేశం వాళ్ల దృష్టిలో రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశం కాబట్టి ఇంకా కొన్ని అదనం. ఇక్కడ వేసిన టీకాను, చిప్‌ను ధ్రువీకరిస్తూ ప్రభుత్వ అధికార పశువైద్యుడు సంతకం చేసిన ఫారం ఉండాలి. టైటర్ ఫలితం ఉండాలి. ఆ రక్తం తీసిన రోజుకూ అమెరికాలో దిగే రోజుకూ కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. సీడీసీ నమోదు చేసిన జంతు సంరక్షణ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి, ఆ కేంద్రంలో ముందుగానే చోటు బుక్ చేసుకోవాలి. న్యూయార్క్ జేఎఫ్‌కే, లాస్ ఏంజెలస్, మయామీ, అట్లాంటా వంటి కొన్నిచోట్ల మాత్రమే ఇవి ఉన్నాయి. డల్లాస్‌లో ఉండేవాళ్లు నేరుగా డల్లాస్‌లో దిగుదామంటే కుదరదు. ఆ కేంద్రంలో డాక్టరు చూసి, చిప్ చదివి, మళ్లీ ఒక రేబిస్ టీకా వేసి, కాగితాలు సరిపోతేనే ఇంటికి పంపుతారు. టైటర్ ఫలితం లేకుండా వెళ్తే అక్కడే 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు, ఆ ఖర్చు మీదే. ఇక్కడ మూడు నెలలు ఓపిక పట్టడం కుక్కకూ మీకూ ఎన్నో రెట్లు మేలు.

పిల్లి విషయంలో అమెరికా ఇంత పట్టుబట్టదు. సీడీసీ పిల్లులకు రేబిస్ టీకాను తప్పనిసరి చేయలేదు, చూడటానికి ఆరోగ్యంగా ఉండాలంటుంది. అయినా వెళ్లే రాష్ట్రమో విమాన సంస్థో అడగవచ్చు. టీకా లేకుండా పంపమని నేను ఎవరికీ చెప్పను.

అమెరికా నిబంధనలో ఇంకో మాట ఉంది, కెనడాలో కొన్నాళ్లు ఉండి అమెరికా మారే కుటుంబాలకు అది పనికొస్తుంది. ముప్పు ఎక్కువున్న దేశాల్లో గత 6 నెలలుగా అడుగుపెట్టని కుక్కకు ఈ అదనపు కాగితాలు అక్కరలేదు. కెనడాలో ఆరు నెలలు గడిపిన కుక్క వయసు, చిప్, ఆన్‌లైన్ ఫారంతోనే వెళ్లగలదు.

జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ వంటి యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటికీ పద్ధతి ఒకటే. చిప్, టీకా, 30 రోజులకు రక్తం, ఆ రక్తం తీసిన రోజు నుంచి 3 నెలలు నిరీక్షణ. మొత్తం నాలుగు నెలలు, లాబ్ ఫలితం ఆలస్యమైనా ఆ మూడు నెలల లోపలే కలిసిపోతుంది. కుక్కపిల్లల సంగతి లెక్కపెట్టి చూడండి: 12 వారాలకు టీకా, ఇంకో నెలకు రక్తం, ఇంకో మూడు నెలలు. ఏడు నెలల లోపు పిల్ల యూరప్ చేరే మార్గం లేదు. కాబట్టి విదేశం వెళ్లేముందు కొత్తగా పిల్లను కొనుక్కోవద్దు. మా చెల్లెలి కూతురి పిల్లికి ఈ నాలుగు నెలలూ వరస తప్పకుండా జరిగాయి, కర్రి విషయంలో తిన్న దెబ్బ అప్పటికే ఉంది కాబట్టి.

బ్రిటన్ కూడా ఇదే నాలుగు నెలలు అడుగుతుంది. అదనంగా కుక్కకు బద్దెపురుగుల మందు అక్కడ దిగడానికి కనీసం 24 గంటల ముందు, 120 గంటలకు మించని ముందు డాక్టరు చేత వేయించి, తేదీ, గంట, మందు పేరు రాయించాలి. పిల్లికి ఈ మందు పట్టింపు లేదు. ఐర్లాండ్, ఫిన్లాండ్, మాల్టా కూడా కుక్కలకు ఈ మందు అడుగుతాయి. ఆ గంటల లెక్క ఇంటి దగ్గర వేసుకోవద్దు, విమానం దిగే వేళను పట్టి వెనక్కి లెక్కపెట్టండి. తణుకులో వేయించి, హైదరాబాదులో రెండు రోజులు ఆగి, దారిలో విమానం ఒక రోజు ఆలస్యమైతే గడువు కరిగిపోతుంది. హైదరాబాదులో చివరి పరీక్ష రోజున వేయించడమే క్షేమం.

గల్ఫ్ దేశాలకు ముందుగా ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే దిగుమతి అనుమతి తీసుకోవాలి. యూఏఈలో పిట్‌బుల్ వంటి జాతులకు ప్రవేశం లేదు. వేసవి ఎండల్లో పంపే ఆలోచన అసలు పెట్టుకోవద్దు.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లకు కచ్చితంగా చెప్పాలి. మన దేశం వాళ్ల ఆమోదిత జాబితాలో లేదు, ఇక్కడి నుంచి నేరుగా కుక్కనో పిల్లినో పంపలేం. ముందు ఆమోదం ఉన్న ఇంకో దేశంలో ఉంచి, అక్కడి షరతులన్నీ పూర్తిచేసి, ఆపైన పంపాలి. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ దగ్గరి మికిల్‌హామ్ కేంద్రంలో కనీసం 10 రోజుల క్వారంటైన్ కూడా ఉంటుంది. మధ్యలో నెలల తరబడి దాన్ని చూసుకోవడానికి సొంత మనుషులు ఆ మూడో దేశంలో ఉంటేనే ఈ దారి ఆలోచించండి. లేకపోతే ఇంటి దగ్గర ఎవరికి అప్పగించాలో ఆలోచించడమే న్యాయం.

సీటు కిందా, విమానం కడుపులోనా, కార్గోలోనా

విమానంలో జంతువు వెళ్లే తీరు మూడు రకాలు. చిన్న పిల్లి, చిన్న కుక్క అయితే మెత్తని సంచిలో మీ కాళ్ల దగ్గర. పెద్దదైతే గట్టి పెట్టెలో మీ సామానుతో పాటు కింద అరలో. మూడోది మీతో సంబంధం లేకుండా ప్రత్యేకంగా బుక్ చేసే కార్గో.

ఎంచుకునే అవకాశం ఉంటే పిల్లికి సీటు కిందే మేలు. చాలా విమాన సంస్థలు సంచితో కలిపి 7, 8 కిలోల దగ్గర గీత గీస్తాయి. మా చెల్లెలి కూతురు హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా వెళ్లే విమానం ఎంచుకుంది, మధ్యలో దిగి ఎక్కే పని లేకుండా. సెక్యూరిటీ తనిఖీలో పిల్లిని సంచిలోంచి బయటికి తీసి చేతుల్లో పట్టుకోవాలి. ఆ హడావిడిలో పిల్లి బెదిరి జారిపోతే విమానాశ్రయంలో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఛాతీకి బెల్టు తొడిగి, తాడు మణికట్టుకు చుట్టుకోండి. ఆమె నెల రోజుల ముందు నుంచి ఇంట్లోనే బెల్టు అలవాటు చేసింది. మొదటి రెండు రోజులు పిల్లి నేల మీద పడుకుని లేవలేదు, మూడో రోజు నుంచి దాని గొడవ మరిచిపోయింది. యూరప్‌లో దిగాక కస్టమ్స్‌లో తెలియజేయాల్సిన వస్తువులున్నవాళ్లు వెళ్లే ఎర్ర దారిలోనే వెళ్లి కాగితాలు చూపించాలి. పచ్చ దారిలో బయటికి నడిచేస్తే తప్పవుతుంది.

పెద్ద కుక్కకు సామానుతో పాటు వెళ్లే పద్ధతి ఖర్చు తక్కువ, మీరూ అదీ ఒకే విమానంలో ఉంటారు. కర్రి అలాగే వెళ్లింది. అయితే అన్ని విమాన సంస్థలూ అన్ని మార్గాల్లో దీనికి ఒప్పుకోవు, ఒక విమానంలో ఇన్నే జంతువులని పరిమితి కూడా ఉంటుంది. మీ టికెట్ కొనేముందే ఫోను చేసి చోటు ఖాయం చేసుకోండి. టికెట్ కొన్నాక అడిగితే లేదంటారు, అప్పుడు టికెట్ డబ్బూ పోతుంది.

బ్రిటన్‌కు విమానంలో నేరుగా వెళ్లాలంటే కార్గో ఒక్కటే దారి. సీటు కింద గానీ మీ సామానుతో గానీ కుదరదు. లండన్‌లోని హీత్రో విమానాశ్రయం వంటి చోట్ల జంతువుల స్వీకరణ కేంద్రంలో కాగితాలు చూసి అప్పగిస్తారు. ఖర్చు బాగా ఎక్కువ. అందుకని కొందరు ఆమ్‌స్టర్‌డామ్‌కో పారిస్‌కో కుక్కతో కలిసి వెళ్లి, అక్కడి నుంచి కారులో ఫ్రాన్స్ తీరంలోని కలే చేరి, సముద్రం కింది సొరంగ రైలులో ఇంగ్లండు ఒడ్డున ఉన్న ఫోక్‌స్టన్ చేరతారు. దీనికి యూరప్ కాగితాలూ బ్రిటన్ కాగితాలూ రెండూ కావాలి, బద్దెపురుగుల మందు గడువు కూడా ఆ కారు ప్రయాణాన్ని కలుపుకుని చూడాలి. అక్కడ కారు నడిపే సొంత మనిషి ఉంటే ఈ దారి మంచిదే. చంటిపిల్లలతో, నాలుగు పెట్టెలతో మొదటిసారి దేశం విడిచి వెళ్లే కుటుంబానికి నేను కార్గోనే చెబుతాను. ఏ దారిలో వెళ్లినా మీ ప్రయాణానికీ దాని ప్రయాణానికీ 5 రోజుల లోపు తేడా ఉండాలి.

చప్పిడి ముక్కు జాతులు, అంటే పగ్, బుల్‌డాగ్, బాక్సర్, పర్షియన్ పిల్లి వంటివి, కింద అరలో ఊపిరి అందక ఇబ్బంది పడతాయి. చాలా సంస్థలు వాటిని ఆ అరలో ఒప్పుకోవు. ఒప్పుకునే సంస్థ దొరికినా నేను పంపను. పగ్ సీటు కింద పట్టే బరువులో ఉంటే సరే, లేకపోతే ఇంట్లోనే ఉండనివ్వండి.

మత్తు మందు ఇచ్చి పంపమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఇవ్వవద్దు. మత్తులో ఉన్న జంతువు ఊపిరీ రక్తపోటూ గాలిలో ఎలా మారతాయో చూసేవాళ్లు అక్కడ ఉండరు, విమాన సంస్థలు కూడా తీసుకోవు.

డెల్టా నుంచి హైదరాబాదు దాకా

మన జంతువులను దేశం దాటించే ముందు కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవల కార్యాలయం, అందరూ ఏక్యూసీఎస్ అంటారు, చూసి ఆరోగ్య ధ్రువపత్రం ఇవ్వాలి. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు, ముంబయి, దిల్లీ, కోల్‌కతాల్లో ఈ కేంద్రాలు ఉన్నాయి. మనకు దగ్గర హైదరాబాదు. జంతువును వెంట తీసుకెళ్లాలి, కాగితాలు మాత్రమే పంపితే కుదరదు. ప్రయాణానికి ముందు వారంలోనే ఈ పని పడుతుంది, యూరప్ ఆరోగ్య ధ్రువపత్రం అయితే 10 రోజుల లోపు అక్కడ అడుగుపెట్టేదాకే చెల్లుతుంది. కాబట్టి హైదరాబాదులో మూడు నాలుగు రోజులు ఉండేలా, కుక్కను రానిచ్చే ఇల్లు ముందే చూసుకోండి.

అక్కడిదాకా రైలా, కారా? రైలులో కుక్క మీతో పాటు ఉండాలంటే ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మీ పేరు మీదే ఉండాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపరులో అనుమతి లేదు. ప్రయాణం రోజు పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి రసీదు తీసుకోవాలి, టీకా కార్డు చూపించాలి. కూపే దొరుకుతుందో లేదో చార్టు తయారయ్యేదాకా తెలియదు. బ్రేకువ్యానులో కుక్కల పెట్టెలో వేసి పంపవచ్చు కానీ, ఎన్నడూ ఇల్లు విడవని కుక్కను విదేశ ప్రయాణానికి ముందు ఒక రాత్రి చీకటి పెట్టెలో ఒంటరిగా ఉంచడం నాకు మనసొప్పదు. మేము కారు మాట్లాడుకున్నాం. తణుకులో తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, రెండు గంటలకోసారి ఆగి నీళ్లు పట్టి నడిపించుకుంటూ మధ్యాహ్నానికి చేరాం. జనవరి మంచులో హాయిగా సాగింది. అదే మే నెలాఖరులో, రోహిణి కార్తెలో అయితే రాత్రిపూట బయలుదేరాలి. ఎండాకాలంలో కొన్ని విమాన సంస్థలు జంతువులను తీసుకోవడమే ఆపేస్తాయి, కాబట్టి చేతనైతే ప్రయాణం నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి.

మన డెల్టా కుక్కలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది పిడుదుల గురించి. కాలవగట్లు, కొబ్బరితోటలు, గేదెల కొట్టాలు తిరిగే కుక్క చెవుల్లో, కాలివేళ్ల మధ్య అవి ఎప్పుడూ ఉంటాయి. పిడుదు జ్వరం లోపల ఉండి బయటికి కనపడదు, చివరి వారంలో జ్వరం బయటపడితే ఆరోగ్య ధ్రువపత్రం ఆగిపోతుంది. ప్రయాణానికి రెండు నెలల ముందే రక్తపరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మందు నెలనెలా తప్పకుండా వేయించండి. రోజూ సాయంత్రం చెవులు తిరగేసి చూడటం ఇంట్లో ఒకరి పనిగా పెట్టుకోండి.

ఏజెంటును పెట్టుకోవాలా

కెనడాకు, అమెరికాకు, యూరప్‌కు మీతో పాటు తీసుకెళ్లేటప్పుడు, ఇంట్లో ఇంగ్లీషు ఫారాలు ఓపికగా చదివే మనిషి ఒకరుంటే, ఏజెంటు లేకుండానే చేసుకోవచ్చు. మేము అలాగే చేశాం. బ్రిటన్, దుబాయి వంటి కార్గో ప్రయాణాలకు మాత్రం ఏజెంటు లేకుండా తిప్పలు పడవద్దు. కార్గో బుకింగ్, కస్టమ్స్ క్లియరెన్సు, టెర్మినల్‌లో అప్పగింత, ఇవి కొత్తవాళ్లకు ఒక్కరోజులో వంటబట్టే పనులు కావు. ఏజెంటును ఎంచుకునేటప్పుడు ఐపాటా అనే అంతర్జాతీయ సంఘంలో సభ్యత్వం ఉందో లేదో చూడండి. మీరు వెళ్లే దేశానికే ఇటీవల పంపిన కుక్క కాగితాల నమూనా చూపించమనండి. చిప్, టీకా, రక్తం తేదీలు మీరు చెప్పకుండానే ముందుగా అడిగే ఏజెంటు పని తెలిసినవాడు. "అన్నీ మేము చూసుకుంటాం, డబ్బు కట్టండి" అనే చోట కట్టవద్దు. ఏజెంటు ఉన్నా గడువుల లెక్క మీ చేతిలోనే ఉండాలి.

పెట్టె కొలతలు

పెట్టెలో కుక్క నిటారుగా నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, కాళ్లు చాపి పడుకోగలగాలి. కొలవడానికి దర్జీ టేపు చాలు. కర్రిని వరండాలో గోడ పక్కన నిలబెట్టి, ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఒక కొలత, నేల నుంచి ముంగాలి మోచేయి దాకా ఒకటి, భుజాల వెడల్పు ఒకటి, నేల నుంచి చెవి కొస దాకా ఒకటి తీసుకున్నాం. మొదటి కొలతకు రెండోదానిలో సగం కలిపితే పెట్టె పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు పెట్టె వెడల్పు. చెవి ఎత్తుకు అడుగున పరిచే ప్యాడు మందం కలిపితే ఎత్తు. కర్రికి చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి, తల ఎత్తే కొలిచి ఊరుకుంటే చెవులు పైకప్పుకు ఆనేవి. లెక్కకు దుకాణంలో దొరికిన సైజు సరిపోకపోతే పై సైజే కొనండి. విమానాశ్రయంలో కుక్కను లోపల నిలబెట్టి చూసి, ఇరుకుగా ఉంటే ఎక్కించుకోరు.

పెట్టె నెల ముందే కొని తలుపు తీసి ఇంట్లో పెట్టండి. అన్నం అందులోనే పెట్టండి. కర్రి మొదటి మూడు రోజులు తల మాత్రం లోపలికి పెట్టి, ముందరి కాళ్లు బయటే ఉంచి తినేది. వారానికి లోపలికి వెళ్లి పడుకుంది. రెండో వారానికి వీధిలో బాణసంచా పేలితే పరుగెత్తుకుంటూ ఆ పెట్టెలోకే దూరింది. అప్పుడు తలుపు మూసి అయిదు నిమిషాలు, పావుగంట, గంట, రెండు గంటలు అలవాటు చేశాం.

తీసుకెళ్లకపోవడమే మంచిదయ్యే సందర్భాలు

కూతురి పురుడుకో మనవడిని చూసుకోవడానికో ఆరు నెలలు వెళ్లే పెద్దవాళ్లు కుక్కనూ పిల్లినీ వెంట తీసుకెళ్లవద్దు. వెళ్లడానికి ఎంత తతంగమో, తిరిగి మన దేశంలోకి తీసుకురావడానికీ ఏక్యూసీఎస్ అనుమతి, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం, క్వారంటైన్ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగడం, మళ్లీ అంత తతంగం ఉంది. ఆరు నెలల్లో రెండు పెద్ద ప్రయాణాలు ఏ జంతువుకూ మంచివి కావు. పదేళ్లు దాటినవీ, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవీ ఇంటి దగ్గరే ఉండాలి. చూడి మీద ఉన్నవాటిని ఈతలు అయ్యేదాకా కదిలించవద్దు.

అప్పగించేటప్పుడు కుక్కను మనిషి ఇంటికి పంపేకంటే, మనిషే మీ ఇంటికి వచ్చి ఉండేలా చూడండి. కుక్కకు ఇల్లు మారకపోతే సగం బెంగ తగ్గుతుంది. మీరు వెళ్లే ముందు పది రోజులు ఆ మనిషి చేతే అన్నం పెట్టించండి. డాక్టరు నంబరు, టీకా కార్డు, మందుల పేర్లు ఒక పుస్తకంలో రాసి అప్పగించండి. ఖర్చులకు ప్రతి నెలా కచ్చితమైన తేదీన డబ్బు పంపండి, అడిగించుకోవద్దు.

చివరి రోజు

ప్రయాణానికి నాలుగైదు గంటల ముందు తేలికగా తిండి పెట్టి ఆపేయండి. నీళ్లు మాత్రం పెట్టె తలుపుకు తగిలించే గిన్నెలో బయటి నుంచి పోసే వీలుండాలి. కాగితాలు అసలువి మీ చేతిసంచిలో, రెండు నకళ్లు పెట్టె మీద అంటించిన ప్లాస్టిక్ కవరులో ఉంచండి. పెట్టె మీద రెండు పక్కలా కుక్క పేరు, మీ పేరు, రెండు దేశాల ఫోను నంబర్లు రాయండి.

అమెరికా వెళ్లేవాళ్లు పశువుల కొట్టం సంగతి మరిచిపోవద్దు. మన దగ్గర పశువులకు గాలికుంటు వ్యాధి ఉంది కాబట్టి, ఇక్కడి నుంచి వచ్చే కుక్క కాళ్లకూ ఒంటికీ మట్టి ఉండకూడదు, పెట్టెలో గడ్డి గానీ ఎండుగడ్డి గానీ వేయకూడదు. అక్కడ చేరగానే స్నానం చేయించి, 5 రోజులు ఆవులూ గొర్రెలూ ఉన్న చోటుకు తీసుకెళ్లకూడదు. వెంట వచ్చిన పరుపును పారవేయడం మేలు. కర్రికి తోడుగా ఉంటుందని నా పాత నేతచీర ముక్క ఒకటి మడిచి పెట్టాను. దిగాక దాన్ని తీసి పారేయాల్సి వచ్చిందని మా అబ్బాయి ఫోనులో చెప్పాడు. వాడి గదిలో వాడిన తువ్వాలు ఒకటి ఉతకకుండా అట్టే పెట్టమని ముందే చెప్పి ఉంచాను కాబట్టి, ఆ రాత్రి కర్రి దాని మీదే ముక్కు పెట్టుకుని నిద్రపోయింది.